సానియా, 2003–2005: జూనియర్ కప్పుకూ డబ్ల్యూటీఏ టైటిల్‌కూ మధ్య ఏం జరిగింది?

బేస్‌లైన్ (చర్చ ప్రారంభించినవారు)

2025 ఫిబ్రవరిలో ముంబైలో జరిగిన డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) 125 స్థాయి టోర్నీలో కోయంబత్తూరు అమ్మాయి మాయా రాజేశ్వరన్ పదిహేనేళ్ళ వయసులో క్వాలిఫయింగ్ (అర్హత పోటీలు) నుంచి మొదలుపెట్టి సెమీఫైనల్ దాకా వెళ్ళింది. అప్పటి నుంచి ఎక్కడ చూసినా ‘మరో సానియా’ అన్న మాటే. ఆ అమ్మాయి ఎంత ఎదిగితే నాకు అంత సంతోషం. కానీ ఈ పోలిక తెచ్చేవాళ్ళలో చాలామందికి సానియా అంటే 2005 మాత్రమే గుర్తుంది. దానికి ముందరి రెండేళ్ళను ఎవరూ తలచుకోరు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

వరుసగా పెట్టి చూడండి. 2003 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో తొలిసారి డబ్ల్యూటీఏ టోర్నీ జరిగింది. సానియాకు వైల్డ్ కార్డ్, అంటే ర్యాంకుతో పనిలేకుండా నేరుగా ప్రవేశం, ఇచ్చారు. మొదటి రౌండ్లో ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఈవీ డొమినికోవిచ్ చేతిలో ఓడిపోయింది. అదే ఏడాది జూలైలో రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. అంతకుముందు మన అమ్మాయిలెవరూ జూనియర్ గ్రాండ్‌స్లామ్ టైటిల్ అందుకోలేదు. 2004 ఫిబ్రవరిలో మళ్ళీ హైదరాబాద్, మళ్ళీ వైల్డ్ కార్డ్, ఈసారి నికోల్ ప్రాట్ చేతిలో ఓటమి. ఆ ఏడాది విజేత కూడా ప్రాటే. అయితే లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ టైటిల్ మాత్రం సానియాకు దక్కింది. 2005 ఫిబ్రవరిలో అదే టోర్నీ ఫైనల్లో అల్యోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించింది. భారత మహిళకు అదే తొలి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్.

డొమినికోవిచ్‌తో మ్యాచ్ స్కోరు 6-2, 1-6, 2-6. అందులో మొదటి సెట్ సానియాది. పదహారేళ్ళ పిల్ల కొట్టే ఫోర్‌హ్యాండ్‌కు ఒక ప్రొఫెషనల్ అరగంట పాటు తడబడి ఉంటుంది, తర్వాత కుదురుకుని ఉంటుంది. డొమినికోవిచ్ కుదురుకున్నాక ఏం చేయాలో సానియాకు ఇంకా తెలియదు. జూనియర్ ఆటకూ ప్రొఫెషనల్ ఆటకూ ఉన్న దూరమంతా నాకు ఆ స్కోరులోనే కనిపిస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆమెను ప్రొఫెషనల్‌గా మలిచింది వింబుల్డన్ కప్పు కాదు. సొంత ఊళ్ళో, ఏటేటా, తనకంటే గట్టివాళ్ళ చేతిలో ఓడే అవకాశం దొరకడం. ఇవాళ్టి పిల్లలకు లేనిది అదే. మీరేమంటారు?

పాతకాపు

ఆ 2005 ఫైనల్ రోజున నేను స్టాండ్స్‌లో ఉన్నాను. అంతమంది జనం టెన్నిస్‌కు రావడం అంతకుముందు నేను చూడలేదు. చాలామందికి స్కోరు లెక్క తెలియదు. పక్కన కూర్చున్న పెద్దాయన పదిహేను తర్వాత ముప్పై ఎందుకు, ముప్పై తర్వాత నలభై ఎందుకు అని అడుగుతూనే ఉన్నారు. అయినా ఫోర్‌హ్యాండ్ పడిన ప్రతిసారీ అందరికంటే ముందు లేచి నిలబడింది ఆయనే. రెండో సెట్ చేజారినప్పుడు జనం బిగుసుకుపోయారు. మూడో సెట్లో ఆమె ఆట తగ్గించుకోలేదు, గీతల మీదికే కొట్టింది. బంతిని లోపల వేసి బతికి బయటపడదామన్న ఆలోచన ఆ అమ్మాయికి లేనే లేదు.

ఇంకొకటి కూడా కలపాలి. 2003 చివర్లో హైదరాబాద్‌లోనే ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. టెన్నిస్‌లో సానియా నాలుగు స్వర్ణాలు తెచ్చింది. అంటే ఆ ఒక్క సంవత్సరంలోనే ఈ ఊరు ఆమెకు రెండు అంతర్జాతీయ వేదికలు ఇచ్చింది. బేస్‌లైన్ గారి మాట అక్షరాలా నిజం.

డ్యూస్

వేదికలు ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ వైల్డ్ కార్డులు ఆమె ఒక్కదానికే ఇవ్వలేదు కదా! అవే టోర్నీలలో మన అమ్మాయిలు ఇంకా ఆడారు. వాళ్ళెందుకు ఎదగలేదు? నా లెక్కలో జవాబు ఒక్కటే, ఆ ఫోర్‌హ్యాండ్.

సానియా కీళ్ళు సహజంగానే మామూలు కంటే ఎక్కువ వంగుతాయి. అందుకే మణికట్టు చివరి క్షణంలో తిరిగేది. బంతి ఎటు పోతుందో ఎదుటివాళ్ళు ముందుగా పసిగట్టలేకపోయేవారు. అది ఎవరో నేర్పితే వచ్చేది కాదు. ఆ మణికట్టే 2008లో ఆమెను శస్త్రచికిత్స దాకా తీసుకెళ్ళింది. బీజింగ్ ఒలింపిక్స్‌లో సింగిల్స్ తొలి మ్యాచ్ మధ్యలోనే వైదొలగాల్సి వచ్చింది. సింగిల్స్‌లో ఆమె అత్యుత్తమ ర్యాంకు 27. అది 2007 ఆగస్టు నాటిది. ఆ శరీరం సహకరించి ఉంటే ఇంకా పైకి వెళ్ళేదని గట్టిగా నమ్మేవాళ్ళలో నేనొకడిని.

రెండో సర్వీసు (మొదటిది తప్పితే వేసేది) సంగతి కూడా దాచకూడదు. జూనియర్ స్థాయిలో దాన్ని ఎవరూ పెద్దగా దండించలేదు. పైకి వెళ్ళాక ప్రతి ఒక్కరూ దాని మీదే దాడి చేశారు.

మల్లెపందిరి

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఎక్కువగా చదువుతాను, తక్కువ రాస్తాను. మా అమ్మాయికి పద్నాలుగు నిండబోతోంది. ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) అండర్-14లో బాగానే ఆడుతోంది. అందుకే ఈ చర్చ నాకు వినోదం కాదు, ఇంట్లో రోజూ నడిచే తర్జనభర్జన.

మీరంతా ఫోర్‌హ్యాండ్, వైల్డ్ కార్డ్ అంటున్నారు. నేను డబ్బు సంగతి అడుగుతాను. గట్టింగ్ (రాకెట్‌కు తీగలు బిగించడం) ఒక్కటే చూడండి. పిల్ల గట్టిగా కొట్టడం మొదలుపెట్టాక తీగలు తెగుతూనే ఉంటాయి. మ్యాచ్‌కు వెళ్ళాలంటే సంచిలో ఒకే బిగువుతో కనీసం రెండు మూడు రాకెట్లు సిద్ధంగా ఉండాలి. బూట్ల అడుగు ఒక పక్కే అరిగిపోతుంది. ప్రయాణమంటే ఒక్కరికి కాదు, ఇద్దరికి. ఒక అకాడమీలో ఏడాది ఫీజు ముందే కట్టించుకుని, పిల్లను రోజూ బాస్కెట్ ఫీడింగ్‌లో (కోచ్ బుట్టలోంచి వేసే బంతులు కొట్టడంలో) నిలబెట్టారు తప్ప ఒక్క ప్రాక్టీసు మ్యాచ్ సరిగా ఆడించలేదు. అడిగితే ‘ఇంకా టెక్నిక్ కుదరలేదు’ అన్నారు.

సానియా తల్లిదండ్రులు ఎలా నెట్టుకొచ్చారు?

పాతకాపు

అమ్మా, తండ్రి ఇమ్రాన్ మీర్జా గారే చాలాకాలం ఆమె ఆటను దగ్గరుండి చూసుకున్నారు. కోచింగ్, టోర్నీల ఎంపిక, ప్రయాణాలు అన్నీ. తల్లిదండ్రులు కారులో పెట్టుకుని ఊరూరా తిప్పారు. చిన్న వయసులోనే జీవీకే సంస్థ అండగా నిలిచింది. అలాంటి ఒక్క చేయి ఆసరా దొరకకపోతే కథ వేరేగా ఉండేది.

ఆమె ఆరేళ్ళ వయసులో మొదలుపెట్టినప్పుడు పేడతో అలికిన కోర్టుల మీద ఆడేవారని తనే చాలాసార్లు చెప్పింది. ఈ తరానికి ఆ కోర్టులు తెలియవు. మట్టి చదును చేసి, పేడనీళ్ళతో అలికి, ఆరాక సున్నంతో గీతలు గీసేవారు. ఎండకు నెర్రెలిస్తే మళ్ళీ అలకాలి. బంతి ఒకసారి మోకాలి కింద, ఒకసారి నడుము దాకా లేచేది. అక్కడ ఆడిన పిల్లలకు బంతి కోసం వేచి ఉండే అలవాటు ఉండదు, ముందుకెళ్ళి అందుకుంటారు. సానియా ఆటలోని ఆ తొందరకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

డ్యూస్

డబ్బు విషయంలో మల్లెపందిరి గారితో నాకు పేచీ లేదు. సుమిత్ నాగల్‌ను చూడండి. 2015లో వింబుల్డన్ బాలుర డబుల్స్ విజేత. 2023లో తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే మిగిలాయని బహిరంగంగా చెప్పాల్సిన పరిస్థితి వచ్చింది. అప్పటికి దేశంలో సింగిల్స్ నంబర్ వన్ అతనే. తర్వాత ఆదుకునేవాళ్ళు ముందుకొచ్చారు. 2024 ఫిబ్రవరిలో చెన్నై ఛాలెంజర్ (రెండో శ్రేణి ప్రొఫెషనల్ టోర్నీ) గెలిచి టాప్ 100లోకి, అదే ఏడాది 68వ ర్యాంకు దాకా వెళ్ళాడు. ఆ ఆట 2023లో మాత్రం అతని చేతిలో లేదంటారా? ఉంది. దాన్ని బయటికి తేవడానికి కావలసిన కోచ్, ఫిజియో, ప్రయాణ ఖర్చులు లేవు.

చిన్న ప్రొఫెషనల్ టోర్నీల సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అట్టడుగున ఉండే మహిళల ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలో మొత్తం ప్రైజ్ మనీ 15 వేల డాలర్లు. విజేత ఒక్కరికి కాదు, మొత్తం అంతే. మెయిన్ డ్రాలో (అసలు పోటీలో) ఉన్న అందరూ, డబుల్స్ జంటలతో సహా, అందులోనే పంచుకోవాలి. మొదటి రౌండ్లో ఓడినవాళ్ళకు వచ్చేది హోటల్ బిల్లుకు కూడా చాలదు.

బేస్‌లైన్

అందుకే ఇంటి దగ్గర టోర్నీ అంటున్నాను. డ్యూస్ గారు అడిగిన ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబుంది. ఒక్క వైల్డ్ కార్డ్ ఎవరినీ తయారు చేయదు. ఓడిపోయాక ఏడాది పాటు ఆ ఓటమి మీద పని చేసి, మళ్ళీ అదే స్థాయి వాళ్ళ ఎదుట నిలబడగలగాలి. సానియాకు నడుమ ఐటీఎఫ్ టోర్నీలు కూడా దొరికాయి. 2002 నుంచే మన దేశంలోని చిన్న టోర్నీలలో పెద్దవాళ్ళతో ఆడుతూ వచ్చింది. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు వైల్డ్ కార్డ్ దొరికే సమయానికి ఆమె సిద్ధంగా ఉంది. సిండీ వాట్సన్, పెట్రా మండూలాలను దాటి మూడో రౌండ్లో సెరెనా విలియమ్స్ ఎదుట నిలిచింది. 1-6, 4-6. మొదటి సెట్లో ఒక్క గేమ్ గెలిచిన అమ్మాయి, రెండో సెట్లో నాలుగు గెలిచింది. రెండేళ్ళ కిందటి డొమినికోవిచ్ మ్యాచ్‌లో జరిగినదానికి ఇది సరిగ్గా తలకిందులు. అప్పుడు మొదట గెలిచి తర్వాత చేతులెత్తేసింది. ఇప్పుడు మొదట బెదిరి తర్వాత కుదురుకుంది, అదీ ఆ టోర్నీ గెలవబోతున్న సెరెనా ఎదుట!

ఆ తర్వాత హైదరాబాద్ టైటిల్, మార్చిలో దుబాయిలో అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ కుజ్నెత్సోవాపై 6-4, 6-2తో గెలుపు, సెప్టెంబర్లో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్. అక్కడ షరపోవా చేతిలో ఓడింది. ఏడాది చివరికి ర్యాంకు 31. డబ్ల్యూటీఏ ఆ ఏటి ఉత్తమ నూతన క్రీడాకారిణి పురస్కారం ఆమెకే ఇచ్చింది. అంతకుముందు మన దేశం నుంచి నిరుపమా వైద్యనాథన్ 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఒక రౌండ్ గెలవడమే గొప్ప ఘనత. టాప్ 100లోకి మన మహిళ ఎవరూ వెళ్ళలేదు.

2006లో ఆ టోర్నీ బెంగళూరుకు తరలిపోయింది. తర్వాత అక్కడా నిలవలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాలకు ఆ స్థాయి మహిళల టోర్నీ మళ్ళీ రాలేదు. సానియా ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్, మిక్స్‌డ్ టైటిళ్ళు గెలిచింది, 2015లో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది. ఇన్ని పొందాక కూడా ఆమెను పెంచిన టోర్నీని తిరిగి తెచ్చుకోవాలన్న పట్టుదల మనకు లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

నిర్వాహకులు

దుస్తులు, పెళ్ళి, వ్యక్తిగత జీవితం గురించి వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాం. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆమె ఆ రొద మధ్యే ఆడాల్సి వచ్చింది. ఇక్కడ ఆట గురించే రాయండి.

కొత్త రాకెట్

నాకు పదిహేనేళ్ళు. ఐటా అండర్-16 ఆడుతున్నాను, విజయవాడ. ఇక్కడ ఉన్న పెద్దలను ఒకటి అడగాలి. జూనియర్ టోర్నీలు ఎప్పుడు వదిలేయాలి? మా కోచ్ సార్ పద్దెనిమిది దాకా జూనియర్లోనే ఉండమంటున్నారు. రష్యా అమ్మాయి ఆంద్రీవాను చూసి నాకేమో తొందరగా వెళ్ళాలని ఉంది.

డ్యూస్

మంచి ప్రశ్న అమ్మా. మిరా ఆంద్రీవా దారి చూడు. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ ఫైనల్లో అలీనా కొర్నెయెవా చేతిలో ఓడింది. ఏప్రిల్లో స్విట్జర్లాండ్‌లో వరుసగా రెండు 60 వేల డాలర్ల టోర్నీలు గెలిచింది. ఆ వెంటనే మాడ్రిడ్‌లో వైల్డ్ కార్డ్ దొరికితే నాలుగో రౌండ్ దాకా వెళ్ళింది. 2025లో పదిహేడేళ్ళకే దుబాయి, ఇండియన్ వెల్స్ గెలిచింది. ఆ పరుగు చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ గమనించు, మాడ్రిడ్‌కు ముందు ఆ రెండు టోర్నీలున్నాయి. ఒక మెట్టు మీద గెలిచాకే పై మెట్టు ఎక్కింది.

కోకో గాఫ్ కూడా అంతే. పద్నాలుగేళ్ళకు 2018 ఫ్రెంచ్ ఓపెన్ బాలికల టైటిల్ గెలిచింది. మరుసటి ఏడు వింబుల్డన్ క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి మెయిన్ డ్రాకు వచ్చి, తొలి రౌండ్లో వీనస్ విలియమ్స్‌ను 6-4, 6-4తో ఓడించింది. అయినా గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్ 2023లో, పందొమ్మిదేళ్ళకు వచ్చింది.

మన యూకీ భాంబ్రీ మరో రకం. 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ బాలుర టైటిల్ గెలిచి జూనియర్ నంబర్ వన్ అయ్యాడు. టాప్ 100లోకి వెళ్ళడానికి 2015 దాకా పట్టింది. గాయాలు వెంటాడాయి. ఇప్పుడు డబుల్స్‌లో రాణిస్తున్నాడు. జూనియర్ ర్యాంకు చూసి ఎవరి భవిష్యత్తూ చెప్పలేం.

బేస్‌లైన్

నియమం ఒకటి కూడా తెలుసుకో. అమ్మాయిలకు పద్దెనిమిది నిండే దాకా ఏడాదిలో ఇన్ని ప్రొఫెషనల్ టోర్నీలే ఆడాలని డబ్ల్యూటీఏ పరిమితి పెట్టింది. వయసు పెరిగేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. జెన్నిఫర్ కాప్రియాటి 1990లో పద్నాలుగు కూడా నిండకముందే ప్రొఫెషనల్ సర్క్యూట్‌లోకి వచ్చి, కొన్నేళ్ళకే విసిగి ఆటకు దూరమైంది. ఆమెలాంటి పిల్లలను చూశాకే 1995 నుంచి ఈ నియమం గట్టిగా అమలైంది. కాప్రియాటి తిరిగొచ్చి 2001లో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్ రెండూ గెలిచింది. కానీ అలా తిరిగి రాగలిగేది ఎందరు?

కాబట్టి ‘జూనియరా, ప్రొఫెషనలా’ అని ఒక గీత గీసుకోకు. రెండూ కలిపి ఆడాల్సిన వయసు నీది. జూనియర్ ర్యాంకింగ్‌లో పైకి వెళితే చిన్న ప్రొఫెషనల్ టోర్నీల మెయిన్ డ్రాలో కేటాయించిన స్థానాలు దక్కుతాయి. ఆ లాభం వదులుకోకు. అలాగని మీ కోచ్ సార్ చెప్పినట్టు పద్దెనిమిది దాకా నీ ఈడువాళ్ళతోనే ఆడుతూ కూర్చుంటే, పాతికేళ్ళ ప్రొఫెషనల్ బంతి ఎంత లోతుగా పడుతుందో నీకు ఎప్పటికి తెలియాలి?

డల్లాస్ తెలుగు

మూడో దారి ఎవరూ చెప్పలేదు. అమెరికా విశ్వవిద్యాలయాలు. మన ఆటగాడు సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి ఆడాడు. సహజ యమలపల్లి మా డల్లాస్‌కు దక్షిణాన హంట్స్‌విల్‌లో ఉన్న శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో చదువుకుంటూ ఆడింది. స్కాలర్‌షిప్ వస్తే చదువు, కోచ్, జిమ్, ఫిజియో, వారం వారం మ్యాచ్‌లు అన్నీ ఒక్కచోట దొరుకుతాయి. మల్లెపందిరి గారు చెప్పిన గట్టింగ్ ఖర్చు కూడా జట్టే చూసుకుంటుంది. ఇక్కడ వారాంతాల్లో కాలేజీ మ్యాచ్‌లు చూస్తుంటాను. ఆరు సింగిల్స్ ఆరు కోర్టుల్లో ఒకేసారి నడుస్తుంటాయి. పక్క కోర్టులో తన జట్టు అమ్మాయి ఓడిపోతుంటే ఆ కేకలు వింటూనే సర్వీసు చేయాలి. ఒంటరిగా తిరిగే పిల్లలకు దొరకని రాటుదేలడం అది.

డ్యూస్

దాని విలువ కాదనను. కానీ పద్దెనిమిది నుంచి ఇరవై రెండు దాకా కాలేజీలో గడిపితే, సానియా యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ ఆడిన వయసు అక్కడే దాటిపోతుంది. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ళకు అది ఆలస్యం. మిగతా అందరికీ అది వరం. తమ బిడ్డ ఏ కోవకు చెందుతుందో తల్లిదండ్రులు నిజాయితీగా చూసుకోవాలి. అదే అన్నిటికంటే కష్టం.

పాతకాపు

ఆలస్యమైనా వెలిగేవాళ్ళున్నారు. మన హైదరాబాద్ అమ్మాయి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి 2025 ఏప్రిల్లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్ (దేశాల మధ్య మహిళల జట్టు టోర్నీ) పోటీల్లో ఆడిన అయిదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. భారత్ ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది. అప్పటికి ఆమెకు ఇరవై దాటాయి. అదీ మన గడ్డ మీద జరిగిన పోటీయే. సొంత జనం ఎదుట ఆడితే ఏం జరుగుతుందో మరోసారి చూశాం కదా!

మల్లెపందిరి

ఇదంతా మా ఆయనకు చదివి వినిపించాను. ఇప్పుడు మా ముందున్న సమస్య చిన్నది, కానీ మాకు పెద్దది. అమ్మాయికి పద్నాలుగు నిండిన వెంటనే రెండు అవకాశాలు ఒకే వారం వస్తున్నాయి. ఒకటి వేరే రాష్ట్రంలో జూనియర్ ఐటీఎఫ్ జే30 (జూనియర్లలో అట్టడుగు స్థాయి టోర్నీ). అక్కడ రెండు మూడు రౌండ్లు గెలిచే వీలుంది. రెండోది మాకు రైలులో ఒక రాత్రి దూరంలో మహిళల 15 వేల డాలర్ల టోర్నీ క్వాలిఫయింగ్. వెళితే మొదటి మ్యాచ్‌లోనే ఓడే అవకాశం ఎక్కువ. ఆయన జూనియర్ టోర్నీ అంటున్నారు. పాయింట్లు వస్తాయి కదా అని.

బేస్‌లైన్

పాయింట్లు అవసరమే, మీవారు అన్నదాంట్లో తప్పు లేదు. ఈ ఒక్క వారానికి మాత్రం క్వాలిఫయింగ్‌కు తీసుకెళ్ళండి. ఓడిపోయినా వెంటనే ఇంటికి రావద్దు. మెయిన్ డ్రా మొదలయ్యే దాకా ఉండండి. ఓడిన అమ్మాయిలు కూడా డబుల్స్ కోసమో ప్రాక్టీసు కోసమో అక్కడే ఉంటారు. మీ అమ్మాయిని వాళ్ళ దగ్గరికి వెళ్ళి ‘అరగంట ఆడతారా అక్కా’ అని అడగమనండి. చాలామంది కాదనరు. ఆమె మ్యాచ్‌లో మీరు గెలుపోటములు రాసుకోవద్దు. 30-40 దగ్గర (ఒక్క పాయింటు పోతే గేమ్ పోయే చోట), తన సర్వీసులో, రెండో సర్వీసు ఎలా వేసిందో ఒక్కటే రాసుకోండి. బంతిని పూర్తిగా తిప్పి వేసిందా, భయపడి లోపలికి నెట్టిందా? తిరిగి వచ్చాక కోచ్‌తో మాట్లాడడానికి ఆ ఒక్క కాగితం చాలు.

డ్యూస్

ఈ విషయంలో బేస్‌లైన్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండో సర్వీసు పద్నాలుగేళ్ళప్పుడు సరిచేస్తే సరిపోతుంది. పద్దెనిమిదికి అది అలవాటుగా గడ్డకడుతుంది. డబుల్ ఫాల్ట్‌లు పడితే పడనివ్వండి. తిప్పి వేయడం మాత్రం మాననివ్వకండి.

కొత్త రాకెట్

ఆంటీ, అది ఏ ఊళ్ళోనో నాకు తెలుసనుకుంటా. నేనూ ఎంట్రీ ఇచ్చాను! మీ అమ్మాయి వస్తే ఇద్దరం కలిసి ప్రాక్టీసు చేసుకోవచ్చు. నాకు పొద్దున ఆరుకు కోర్టు దొరుకుతుంది, మా సార్ మాట్లాడి పెట్టారు.

మల్లెపందిరి

తప్పకుండా తల్లీ. ఎంట్రీ గడువు గురువారం దాకా ఉంది, ఈ రాత్రే పంపుతున్నాం. ఆయన ఇంకా జే30 అనే గొణుగుతున్నారు కానీ రైలు టికెట్లు చూస్తున్నది ఆయనే. మీ సార్ నంబరు వేదికలో పెట్టకు, నాకు విడిగా సందేశం పంపు.

పాతకాపు

డ్రా రాగానే ఇద్దరి మ్యాచ్‌ల వేళలు ఇక్కడ రాయండమ్మా. ఆ ఊళ్ళో మన సభ్యులు కొందరున్నారు, వచ్చి కూర్చుంటారు.